మూడడుగులు వెనక్కి

తకాయామాలో మా పాతవీధికి రిక్షా లాగేవాళ్ళు ఆరుగురు. పరుగులో ఉషిమారు టోకుజిని దాటిపోయేవాళ్ళు వాళ్ళలో నలుగురైనా ఉంటారు. మాటల్లో మాత్రం ఒక్కడూ లేడు. ఫొటో విషయంలోనూ అంతే. ఆ వీధి మధ్యలో బియ్యపు సారా కాచే పాత చెక్కయిల్లు ఒకటుంది. దాని చూరుకి దేవదారు కొమ్మలతో కట్టిన పెద్ద బంతి వేలాడుతూ ఉంటుంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని ఎక్కించుకుని టోకుజి అక్కడికి రాగానే బండి ఆపేవాడు. ఆపి, బండితో సహా మూడడుగులు వెనక్కి వేసేవాడు. అప్పుడు ఎదురుగా నిలబడి తీసేవాళ్ళకి బంతీ, చెక్కపట్టీల కిటికీ, బండిలో కూర్చున్నవాళ్ళ ముఖాలూ అన్నీ ఒకే ఫొటోలో అమరేవి. రెండే అడుగులు వేస్తే బంతి సగం తెగిపోతుంది. నాలుగు వేస్తే పక్కింటి కరెంటు మీటరు వచ్చి కూర్చుంటుంది. ఈ కొలత పట్టుకోవడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత అతను ఆలోచించనవసరం లేకుండా కాళ్ళే ఆ పని చేసుకుపోయేవి. చివర్లో "ఏదీ, నవ్వండి" అనేవాడు. నవ్వనివాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ పని చెయ్యడు. ఎక్కడా చెయ్యడు. ఆపవలసిన ఇల్లు రెండడుగులు దాటిపోయినా వెనక్కి రాడు. వీధంతా చుట్టి, వంతెన దగ్గర తిరిగి, మళ్ళీ మొదటినుంచి వస్తాడు. బండిలోవాళ్ళు అదనంగా ఊరు చూపిస్తున్నాడని మురిసిపోతారు. తోటి రిక్షావాళ్ళు మాత్రం, ఉషిమారు బండికి వెనక గేరు ఊడిపోయిందని నవ్వుకుంటారు. అతనూ నవ్వేస్తాడు. పదమూడేళ్ళుగా ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చాడు.

పెళ్ళికూతురు ఎక్కిన బండి వెనక్కి నడవకూడదని మా వైపు ఒక పట్టింపు ఉంది. వెనక్కి నడిస్తే పిల్ల పుట్టింటికి వెనక్కి వచ్చేస్తుందంటారు. పెళ్ళిసామాను లారీ ఎదురొస్తే ఎంత పెద్దమనిషైనా తన కారునే వెనక్కి తీసి దారిస్తాడు. ఇవన్నీ మీరు నమ్ముతారా అని అడిగి చూడండి, అందరూ నవ్వి కొట్టిపారేస్తారు. కొట్టిపారేస్తూనే దారిస్తారు.

పద్నాలుగేళ్ళ కిందటి అక్టోబరులో టోకుజి తన బండిలో చిజురుని ఎక్కించుకున్నాడు. నది ఒడ్డున పొద్దుటిపూట జరిగే సంతలో ఎర్ర టర్నిప్ దుంపల ఊరగాయ అమ్మే ఫుజినోకి ఒక్కగానొక్క కూతురు చిజురు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళది. ఆ పిల్ల మొదటిసారి బడికి వెళ్ళిన రోజు కూడా అతనే సరదాగా బండెక్కించి తీసుకెళ్ళాడు. సంబంధం గిఫు పట్నంలో కాగితపు గొడుగుల వ్యాపారం చేసే ఇంటివాళ్ళది. తెల్ల కిమోనోలో, తెల్లటి ముసుగులో పిల్ల బండిలో కూర్చుంది. వెనకాల నల్ల కిమోనోలో తల్లి, ఆ వెనక చుట్టాలు. కోవెలదాకా నడిచి వెళ్ళాలి. ఊరంతా తలుపుల్లో నిలబడి చూస్తోంది.

సారా కాచే ఇంటి దగ్గర ఇరవైమంది యాత్రికులు కెమెరాలు ఎత్తి ఉన్నారు. ఆ కెమెరాలు కనబడగానే టోకుజి కాళ్ళకి ఇంకేమీ కనబడలేదు. బండి ఆగింది. ఒకటి, రెండు, మూడు. వెనక్కి వేసేశాడు. వేసి ఊరుకున్నాడా, అలవాటు ప్రకారం "ఏదీ, నవ్వండి" అని కూడా అన్నాడు.

చిజురు నవ్వింది. పాపం, నవ్వమన్నారుగదా అని నవ్వింది. ఫుజినో చెయ్యి బండి వెనకచెక్కని పట్టుకుని ఆపబోయింది గానీ అప్పటికే మూడో అడుగు పడిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. చుట్టాల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా నాలుగు చివాట్లు పెట్టి ఉంటే బాగుండేదని టోకుజి ఆ తర్వాత వందసార్లు అనుకున్నాడు. ఆ రోజు మాత్రం చెవులు కాలిపోతుండగా తల దించుకుని కోవెలదాకా లాగాడు.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే అది వట్టి పొరపాటు. కాళ్ళు చేసిన పొరపాటుకి ఎవరూ మనిషిని తప్పుపట్టరు. తప్పు చేసింది నోరు.

చలికాలం పోయి మళ్ళీ యాత్రికులు రావడం మొదలైంది. ఒకరోజు ఒసాకానుంచి వచ్చిన ముసలి దంపతులు ఎక్కారు. ఇద్దరూ చీకాకు ముఖాలే. ఎర్రవంతెన దగ్గర చెప్పవలసిన హాస్యం చెప్పాడు, నవ్వలేదు. పాత సర్కారు కచేరీ దగ్గర చెప్పవలసింది చెప్పాడు, ఆవులించారు. వాగుడుకాయకి అంతకంటే నరకం లేదు. సారా ఇంటి ముందు ఆగి, ఏం తోచక, "ఇక్కడే నేను పోయినేడు ఒక పెళ్ళికూతుర్ని వెనక్కి నడిపించేశాను" అన్నాడు. ముసలాయన ముందుకు వంగాడు. టోకుజి చెప్పుకుపోయాడు. ముసలావిడకి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

నవ్వు పండిన మాటని వదులుకోవడం అతని వల్ల కాదు. మర్నాడూ చెప్పాడు. వారం తిరిగేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. పెళ్ళికూతురు కెవ్వుమంది, కాబోయే అత్తగారు కళ్ళు తిరిగి పడిపోయింది, పంతులు పరుగెత్తుకొచ్చి దోషం పోవడానికి ఉప్పు చల్లాడు. ఇవేవీ జరగలేదు. పేరు చెప్పేవాడు కాదు, అదొక్కటే అతను అట్టేపెట్టిన మర్యాద. వసంతమంతా చెప్పాడు, వేసవి సగందాకా చెప్పాడు.

ఆగస్టులో ఒక బొద్దుపాటి ఆవిడ ఒంటరిగా బండెక్కింది. చేతిలో ముడిచిన కాగితపు గొడుగు. సారా ఇంటి దగ్గర కథ అందుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. అది ఎప్పటి సంగతని అడిగింది. పోయిన అక్టోబరన్నాడు. పిల్లని ఎక్కడికిచ్చారని అడిగింది. మాట ఊపులో ఉన్నాడు కదా, గిఫులో గొడుగులవాళ్ళకిచ్చారని అనేశాడు. అప్పుడావిడ ఇక్కడ దింపెయ్యండి చాలు అంది. దిగి, మర్యాదగా వంగి నమస్కారం పెట్టి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. విప్పిన గొడుగు మీద ఇంటి గుర్తు ఉంది. పెళ్ళినాడు పెళ్ళికొడుకు పైబట్ట మీద ఉన్న గుర్తు అదే. టోకుజి ఖాళీ బండి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వెనకాల వచ్చిన కారు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయింది.

ఆ రోజుతో ఆ కథా ఆపేశాడు, ఆ మూడడుగులూ మానేశాడు. మార్చిలో చిజురు రెండు పెట్టెలతో పుట్టింటికి వచ్చేసింది.

ఊరు తలో మాటా అంది. అత్తగారు గడుసుదట, మొగుడు నోట్లో నాలుక లేనివాడట, పిల్లలు లేకపోవడమట. టోకుజి అన్నిటికీ తలూపాడు. అసలు సంగతి తనకొక్కడికే తెలుసని లోపల కుమిలిపోయాడు. చెప్పాలని రెండుసార్లు ఫుజినో గుమ్మందాకా వెళ్ళాడు. ఒకసారి ఆవిడ టీ ఇచ్చింది, తాగి వచ్చేశాడు. ఇంకోసారి మంచు ఎక్కువగా పడిందని, చూరు మీది మంచు తోసిపెట్టి వచ్చేశాడు. మనిషిని క్షమించమని అడగలేనివాడు మంచు తోస్తాడు, ఏం చేస్తాడు.

ఫుజినోకి మోకాళ్ళు పోయాక సంతలో ఊరగాయ బల్ల దగ్గర చిజురు కూర్చోసాగింది. ప్రతి శనివారం టోకుజి వెళ్ళి ఒక పొట్లం కొనేవాడు. అతనికి పులుపు పడదు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నా దవడలు జివ్వుమని పళ్ళు పులిసిపోతాయి. అయినా కొనేవాడు. కొనకుండా ఆ బల్ల దాటి వెళ్ళడానికి ముఖం చెల్లేది కాదు. పైగా చిజురు నవ్వుతూ, తూకం అయ్యాక ఇంకో పెద్ద ముక్క తీసి పొట్లంలో పడేసేది. "మా దుంపలంటే బాబాయికి ప్రాణం" అని పక్క బల్లవాళ్ళకి చెప్పేది. ఆ అదనపు ముక్కే అతన్ని ఎక్కువ బాధపెట్టేది. తను చేసిందేమిటి, ఈ పిల్ల పెడుతున్నదేమిటి అని ఇంటిదాకా తలెత్తకుండా నడిచేవాడు.

ఇంట్లో అతని భార్య ఇసొయె ఫ్రిజ్ తలుపు తీసి నెత్తి కొట్టుకునేది. ఊరగాయ కొట్టేమైనా పెడుతున్నారా అని అడిగేది. ఒక ఏడాది అనుమానం కూడా వచ్చి, ఆ పిల్ల మీ కూతురి వయసుది, సిగ్గులేదా అని నిలదీసింది. అనుమానాన్ని కొట్టిపారేశాడు గానీ అసలు మాట చెప్పలేకపోయాడు. ఆ దుంపలన్నీ ఇన్నేళ్ళూ ఇసొయే తింది.

ఈ ఏడు సెప్టెంబరులో ఒక శనివారం చిజురు పొట్లం కడుతూ, తనకి పెళ్ళి కుదిరిందని చెప్పింది. ఉత్సవాల రథాలు బాగుచేసే వడ్రంగి కియోహారుతో. అతన్ని ఊళ్ళో అందరం ఎరుగుదుం. భార్య పోయిన మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఊరి మనిషే కాబట్టి అమ్మని వదిలి పోనక్కర్లేదని చిజురు సంతోషంగా చెప్పింది. టోకుజికి నిజంగానే గుండె తేలికైంది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల అంది.

"బండి మీరే లాగాలి బాబాయ్."

టోకుజి సాకులు వెతుక్కున్నాడు. తనకి యాభై ఎనిమిదొచ్చాయన్నాడు. కుడి మోకాలు సరిగ్గా లేదన్నాడు. కుర్రవాళ్ళున్నారు, బండి కదులుతున్నట్టే తెలియకుండా లాగుతారన్నాడు. చిజురు అన్నీ విని, వచ్చే శనివారంలోగా ఆలోచించి చెప్పమంది. పొట్లంలో ఇంకో ముక్క పడేసింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని టోకుజి భార్యకి మొత్తం చెప్పేశాడు. మూడడుగులూ, ఒసాకా ముసలివాళ్ళూ, గొడుగూ, ఏదీ దాచలేదు. చెప్పాక తల వంచుకుని చివాట్లకి సిద్ధంగా కూర్చున్నాడు. ఇసొయె లేచి, ఫ్రిజ్‌లోంచి ఆ రోజు తెచ్చిన పొట్లం తీసి అతని ముందు పెట్టింది.

"ఈ పుల్లటి దుంపలు ఇన్నేళ్ళు నాచేత తినిపించింది ఇందుకా," అంది. తర్వాత గొంతు మార్చి అంది: "వెళ్ళి చెప్పండి. తిడితే పడండి. అది చెప్పకుండా బండి పట్టుకున్నారంటే మాత్రం ఆ బండిలోనే పడుకోండి, ఇంటికి రావద్దు."

వారమంతా అతనికి నిద్రా లేదు, తిండీ లేదు. చెబితే ఆ పిల్ల ముఖం ఇక తన వైపు నవ్వదు. పెళ్ళి ముందు పాత పుండు రేపినవాడవుతాడు. చెప్పకుండా లాగితే, తను చెడగొట్టిన పిల్లనే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎక్కించుకున్న దొంగవుతాడు. ఎలా చూసినా తనే దోషి.

శనివారం సంత ముగిసే వేళకి వెళ్ళాడు. చిజురు బల్ల తుడుస్తోంది. టోకుజి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మాటలమారి మనిషి, నలభై ఏళ్ళుగా ఊరందరికీ కథలు చెబుతున్నవాడు, ఈ కథ మాత్రం నత్తినత్తిగా చెప్పాడు. హాస్యాలు లేవు, కల్పనలు లేవు. చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చిజురు తుడవడం ఆపలేదు.

"నాకు తెలుసు బాబాయ్," అంది. "ఆవిడ మా అత్తగారి చెల్లెలు. ఇంటికొచ్చి మీ గొంతుతోనే చెప్పింది, మీరు ఆగే చోట ఆగి మరీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఏడు నెలలు గిన్నె పగిలినా, అన్నం మాడినా, దీని బండి ముందే వెనక్కి నడిచిందిలే అనే అన్నారు."

టోకుజికి నేల మీది రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. తన వల్లే కదా, అని మాత్రం అడగగలిగాడు.

"మీ వల్లే వచ్చేశానని చెప్పను. నేనంటే వాళ్ళకి ముందునుంచీ ఇష్టం లేదు. వంక దొరకలేదంతే. ఆ వంక మీరందించారు." గుడ్డ పిండి మడతపెట్టింది. "వెనక్కి వేసినందుకు నాకెప్పుడూ కోపం రాలేదు. మీ కాళ్ళ సంగతి నాకు తెలుసుగా. ఎవరో తెలియనివాళ్ళని నవ్వించడానికి నన్ను వాడుకున్నారే, దానికి మాత్రం ఏడిచాను."

తప్పయిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడే తెలిసినట్టు మూసేశాడు. మెల్లిగా వేరే మాట అడిగాడు.

"ఇంత తెలిసీ, ప్రతి వారం నాకో ముక్క ఎక్కువెందుకేశావమ్మా?"

"మీకు పులుపు పడదని అమ్మ చెప్పింది," అంది చిజురు.

అంది గానీ, నవ్వలేదు. టోకుజి కూడా నవ్వలేదు. ఇన్నేళ్ళ ముక్కలన్నీ ఒక్కసారి లెక్కకొచ్చినట్టు నోరంతా పులిసిపోయింది. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. కాసేపటికి, మరి ఇప్పుడు తననెందుకు పిలుస్తున్నావని అడిగాడు. వేరే ఎవరినైనా పిలుచుకోవచ్చు కదా అన్నాడు.

"ఆ రోజు నాకంటే ఎక్కువ భయపడేవాళ్ళు ఒక్కరైనా పక్కనుండాలి. ఈ ఊళ్ళో మీరు తప్ప ఇంకెవరున్నారు?"

పెళ్ళి అక్టోబరు చివర్లో జరిగింది. చిజురు ఈసారి తెల్లబట్ట వద్దంది, దుంపల రంగు కిమోనో కట్టుకుంది. కియోహారు బండి పక్కన నడిచాడు. ఫుజినో కోవెలదాకా నడవలేదు కాబట్టి, ఆవిడ రాగలిగినంత దూరంలో, సారా ఇంటి చూరు కింద స్టూలు వేసి కూర్చోబెట్టారు.

టోకుజి తెల్లవారకముందే ఆ దారంతా రెండుసార్లు నడిచి చూసుకున్నాడు. ఎదురొచ్చే బండ్లేమైనా ఉంటాయేమోనని తోటి రిక్షావాళ్ళని రెండు కొసలా నిలబెట్టాడు. బండి కర్రలు పట్టుకున్నాక ముందుకు తప్ప ఎటూ చూడలేదు. కెమెరాల గుంపు కనబడేసరికి చూపు నేలకి దించి, అడుగు పెంచి, సారా ఇల్లు దాటేశాడు. దాటేశాక ఊపిరి వదిలాడు.

"ఆపండి బాబాయ్," అంది చిజురు. ఆపాడు. "అమ్మ వెనకుండిపోయింది. మూడడుగులు వెనక్కి."

టోకుజి కదల్లేదు. వద్దమ్మా అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. కావాలంటే ఊరంతా చుట్టి మళ్ళీ వస్తానన్నాడు. కోవెలలో ముహూర్తం దాటిపోయినా సరే అన్నాడు. చుట్టాలంతా నిశ్శబ్దమైపోయారు. పద్నాలుగేళ్ళ కిందటి నిశ్శబ్దమే అది, అతనికి బాగా గుర్తు.

"బండిలో కూర్చుంది నేను. చెబుతున్నదీ నేనే. నా గురించి ఇంకెవరూ భయపడక్కర్లేదు."

కియోహారు చక్రానికి అడ్డం లేకుండా పక్కకి తప్పుకున్నాడు, అంతే. టోకుజి కాళ్ళు ఎప్పుడూ వాటంతటవే వేసిన అడుగులు అవి. ఇప్పుడొక్కొక్కటీ కాళ్ళని బతిమాలి వెయ్యవలసి వచ్చింది. ఒకటి. మోకాలు కలుక్కుమంది. రెండు. మూడు. ఫుజినో స్టూలు మీదనుంచి చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఈసారి బండిని ఆపడానికి కాదు, కూతురి చెయ్యి పట్టుకుంది.

చిజురు ఫొటోకి ముందు అనే మాట అనమంది. టోకుజి నోరు విప్పాడు, ఆ రెండు మాటలూ రాలేదు. తల్లీకూతుళ్ళు చెప్పించుకోకుండానే నవ్వారు.

ఆ ఫొటో ఇప్పుడు ఊరగాయ బల్ల వెనకాల తగిలించి ఉంది. బంతి తెగలేదు, మీటరు పడలేదు, కొలత సరిగ్గా కుదిరింది. అందరి ముఖాలూ కనిపిస్తాయి, బండి కర్రల మధ్య తల వంచుకున్న మనిషి ముఖం తప్ప. ఈ కథ బండెక్కినవాళ్ళకి చెప్పుకోవచ్చని, ఈసారి ఆ మాట తనే అంటోందని చిజురు అతనికి అనుమతిచ్చింది. ఇదంతా నాకు చెప్పింది కూడా చిజురే, వాళ్ళింటి మాటలు ఇసొయె కలిపింది. టోకుజి మాత్రం బండెక్కినవాళ్ళెవరికీ చెప్పలేదు. సారా ఇంటి ముందుకి రాగానే మాటలు ఆపేస్తాడు. ఇక్కడేముందని ఎవరైనా అడిగితే, సారా కాస్తారని చెప్పి ముందుకు పోతాడు.

శనివారాలు సంతకి వెళ్ళడం మాత్రం మానలేదు. చిజురు ఇప్పుడు తూకానికి సరిపడా వేసి పొట్లం కట్టేస్తుంది, అదనంగా ఏమీ వెయ్యదు. టోకుజి కదలకుండా నిలబడి ఇంకో ముక్క అడుగుతాడు. ఆ ముక్క ఇంటికి తీసుకెళ్ళడు. ఆ బల్ల ముందే నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, పూర్తిగా తింటాడు.